తేనెబండ గుడ్డితావు

సారగుంటలో పొద్దున్నే వాకిలి ఊడ్చే ఆడవాళ్లు చీపురుకు తగిలిన కంటిగింజను చెత్తలో కలపరు. వేళ్లతో ఏరి గోడవారకు పెడతారు. అది కాసేపు కదలకుండా పడి ఉంటుంది. మనిషి అలికిడి తగ్గాక వెంట్రుకల్లాంటి కాళ్లు బయటపెట్టి, తను పోవలసిన దిక్కుకు మళ్లీ దొర్లుకుంటూ పోతుంది. చూడటానికి అచ్చం సీతాఫలం గింజ. అంతే నలుపు, అంతే నునుపు. పిల్లలు గోలీల్లో కలిపి ఆడేస్తుంటారు. ఒకసారి నెమలి ఒకటి మింగింది. ఆ రోజంతా ఏనుగుల కాపలా కేంద్రంలో గోడ మీది తెర ఒక మూల చీకటిగా ఉండి, ఆ చీకట్లోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. సాయంత్రానికి గింజ బయటపడి తన పని తాను చూసుకుంది. ఆ సంగతి చెప్పుకొని ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

అడవి అంచు ఊళ్లకు కంటిగింజలు వచ్చింది ఈ శతాబ్దం నాలుగో పాతికలో. అంతకుముందు మంచెలు, టపాకాయలు, దొంగచాటుగా కట్టే కరెంటు తీగలు ఉండేవి. ఆ తీగలకు ఏనుగులూ చచ్చేవి, మనుషులూ చచ్చేవాళ్లు. గింజ వచ్చాక చావులు తగ్గాయి. ఎండనూ మంచునూ తాగి బతికే ఈ చిన్న సెన్సరు చూస్తుంది, వింటుంది, వాసన పసిగడుతుంది. గుంపు ఏ వంక దాటిందో, ఏ కొండ దిగుతోందో కేంద్రానికి చెబుతుంది. కేంద్రం ఊరికి చెబుతుంది. ఊరు మిద్దెలెక్కుతుంది.

చిక్కల్లా ఒకటే. అడవి పెద్దది, గింజలు తక్కువ. ఒక గింజ చూపు దాని చుట్టూ కొన్ని గజాల మేరే పారుతుంది. రెండు గింజలు దగ్గరగా ఉంటే రెండూ ఒకే పొదను చూస్తూ కూర్చుంటాయి, ఒకటి దండగ. ఎడంగా ఉంటే నడుమ సందు పడుతుంది. ఆ సందును కేంద్రంలో గుడ్డితావు అంటారు. ఉన్న గింజలతో వీలైనంత ఎక్కువ నేలను చూడటం ఎట్లాగన్నది వీక్షణ వ్యాప్తి సమస్య. కేంద్రం మాటల్లో కవరేజీ. మొదట్లో వరినారు నాటినట్టు సమదూరంలో పెట్టి చూశారు. ఏనుగులు నెల తిరక్కముందే సాళ్ల మధ్య సందులు కనిపెట్టి, వాటిలోంచి నింపాదిగా నడిచి వచ్చాయి.

అప్పట్లో కేంద్రంలో కొత్తగా చేరిన శాస్త్రవేత్త ద్రౌపది ఒక సంగతి గమనించింది. ఆమె మొగుడు మునుసామి ఏనుగుల జాడ తీసే పనివాడు. తెర ముందు కూర్చుంటే అతని కళ్లు, ఏనుగు కనపడక ముందే, ఒక చోటికి పోయి నిలిచేవి.

"ఎందుకు అటే చూసినావు?" అని అడిగితే "ఏమో మే, చూడాలనిపించింది" అనేవాడు. కాసేపటికి అక్కడే కొమ్మ విరిగేది.

ఎటు చూడాలో బుద్ధి కంటే కంటికి ముందు తెలుస్తుందని ద్రౌపదికి అర్థమైంది. తెర ముందున్న మనిషి కనుపాప ఎటు తిరుగుతోందో, ఎంతసేపు నిలుస్తోందో గింజల్ని నడిపే యంత్రానికి నేర్పింది. దానికి చూపుపాఠం అని పేరు పెట్టింది. మనిషి చూసే చోటికి గింజలు పోతాయి. మనిషి చూడని చోటి నుంచి మెల్లగా తప్పుకుంటాయి. యంత్రానికి సర్కారు పెట్టిన పేరు బారెడు పొడవుంటుంది. ఊళ్లు మాత్రం దాన్ని కావలమ్మ అన్నాయి.

కావలమ్మ మొదట చదువుకుంది మునుసామి కళ్ల దగ్గర. తరవాత ఒక ఏడు, రాగి పాలు పోసుకునే కాలంలో, దొంగ తీగ తగిలిన ఒక ముసలి ఆడ ఏనుగు కుంటుతూ గుంపుకు వెనకబడింది. అది ఎటు పోతోందో చూసొస్తానని మునుసామి టిఫిను డబ్బా కట్టించుకొని అడవికి పోయాడు. తిరిగి రాలేదు.

ఆ పక్క ఊళ్లలో ఒక కట్టుబాటు ఉంది. అడవికి పోయి రానివాడి శవాన్ని ఇంటివాళ్లు కంటితో చూస్తేనే కర్మ చేస్తారు. చూడకపోతే చెయ్యరు. విందుల్లో అతని పేరున విస్తరి వేసి, వడ్డించి, ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడన్నట్టు చోటు విడుస్తారు. తొమ్మిదేళ్లుగా ద్రౌపది పక్కన ఆ విస్తరి పడుతూనే ఉంది. బొట్టూ గాజులూ అట్లాగే ఉన్నాయి. తెర ముందు కుర్చీలో ఇప్పుడు ఆమె ఒక్కతే కూర్చుంటుంది. కావలమ్మకు పాఠం చెప్పే కళ్లు ఆమెవే.

"ఏం అమ్మణ్ణీ, మీ కావలమ్మకు కళ్లజోడు చేపిచ్చేదా?"

కేంద్రం గడప దగ్గర చెప్పులు విడుస్తూనే అందుకున్నాడు పాపన్న. సారగుంట రైతు. పోయిన వారం ఏ హెచ్చరికా లేకుండా ఏనుగులు అతని రాగి చేలో దిగాయి. గోడ కూలి అతని భార్యకు తొడ ఎముక విరిగింది.

"అత్తకు ఎట్లుంది మామా?" అంది ద్రౌపది.

"ఎట్లుంటాది? ఆస్పత్రి మంచం మీదినించే నన్ను తిడతా ఉండాది. తిట్టే ఓపిక ఉందంటే బతికినట్టే. దాని సంగతి ఇడువు. సాములు మళ్లా వస్తారా రారా, అది చెప్పు. మా కోడలు నిండు చూలాలు. ఇంట్లో పెట్టుకునేదా, పుట్టింటికి తోలేదా?"

అడవి అంచున ఎవరూ ఏనుగు అనరు. సామి అంటారు.

"గుంపు నిన్న సాయంత్రం పులివంక దాటింది. అంతవరకే కనపడింది."

"ఆ అవతల?"

"గుడ్డితావు, మామా."

"ఏడ?"

ద్రౌపది చూపు తెర మీది పులివంక దగ్గరే ఆగింది. మూల బల్ల దగ్గర నుంచి నిస్సార్ చెప్పాడు. "తేనెబండ కాడ, పెద్దాయనా. ఎందుకో ఈ పొద్దు తేలుస్తా."

నిస్సార్‌ది మదనపల్లె. గుడ్డితావుకు కారణం కనుక్కోమని పై ఆఫీసు పంపిన కుర్ర శాస్త్రవేత్త. పాపన్న అతన్ని కిందికీ పైకీ చూశాడు.

"తేల్చు నాయినా. నువ్వు తేల్చేదాకా సాములు వంకలో స్నానం చేస్తా కూసోరు" అని చెప్పులు తొడుక్కొని పోయాడు.

నిస్సార్ వచ్చినప్పటి నుంచి ఊరికే లేడు. బండలో ఇనుప ఖనిజం ఉందేమోనని, తేనెటీగల భయానికి దగ్గరికి పోకుండానే, దాని నుంచి దొర్లిపడిన రాయి పగలగొట్టి చూశాడు. పైన పట్టిన తేనెపట్ల రొద గింజల చెవుల్ని చెడగొడుతోందేమోనని చూశాడు. ఏదీ కాదు. నిన్న తనే పోయి గుడ్డితావు అంచున దోసెడు గింజలు చల్లి వచ్చాడు. తెల్లారేసరికి అన్నీ బయటికి వచ్చేశాయి. పంట కాలవలో నీళ్లు గట్టు తగిలి మళ్లినట్టు, ఒక్కటి కూడా లోపలికి పోకుండా మళ్లాయి. ఇంక అడగవలసింది యంత్రాన్నే.

"కావలమ్మా, తేనెబండ దగ్గర గింజలకు ఏం అడ్డం?"

"ఏ అడ్డమూ లేదు" అంది యంత్రం. దాని గొంతు వయసు తెలియని గొంతు.

"మరెందుకు పోవు?"

"అక్కడ చూడవలసింది ఏమీ లేదు."

"లేదని ఎవరు చెప్పారు?"

"నేర్చుకున్నాను."

"ఎవరి దగ్గర?"

యంత్రానికి మొహమాటం లేదు. "మీ వెనక కూర్చున్నవారి దగ్గర."

నిస్సార్ వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు. "చూపించు" అన్నాడు మెల్లగా.

తెర మీద అడవి పటం వచ్చింది. దాని మీద ద్రౌపది చూపులు, తొమ్మిదేళ్ల చూపులు, సన్నటి గీతలుగా పరుచుకున్నాయి. వంకలూ, కనుమలూ, ఊళ్ల పొలిమేరలూ ఎక్కడ చూసినా గీతల మీద గీతలు. దుక్కి మీద దుక్కి దున్నిన చేను మాదిరి ఉంది. ఆ చేలో తేనెబండ ఒక్కటే బీడు. తొమ్మిదేళ్లలో ఒక్క చూపు, పొరపాటున కూడా, అక్కడ ఆనలేదు. చుట్టూ వచ్చిన గీతలన్నీ అంచు దాకా వచ్చి వంపు తిరిగిపోయాయి.

నిస్సార్ మునుసామి సంగతి వినే వచ్చాడు. అతను పోయిన దారి మీద ఆమె చూపు అతుక్కుపోయి, గింజలన్నీ అక్కడ చేరి మిగతా చోట్లు ఖాళీ అయ్యాయేమోనని మొదటి రోజు నుంచే లోలోపల అనుమానించాడు. ఇది దానికి తిరగబడిన సంగతి.

"మేడం" అన్నాడు. తరవాత "అక్కా" అన్నాడు.

ద్రౌపది పటాన్ని చూడలేదు. చేతి గాజుల్ని ఒకటొకటిగా వెనక్కి తోసుకుంటోంది.

"ఆయన్ను వెతికేదానికి పోయినోళ్లను తేనెటీగలు తరిమినాయి" అంది. "ఒకరికి మొగం సొరబుర్రంత వాచింది. అడవంతా చూసినాం, ఆ బండ కింద తప్ప, అని చెప్పినారు. ఆ మాట నా చెవిలోనే ఉండాది. నేను కావాలని తప్పిచ్చుకోలేదు నిస్సారూ. ఒట్టు. నా కళ్లు అట్ల చేస్తా ఉన్నాయని నాకే తెలీదు."

"నాకు తెలుసు."

"చూడనంతవరకు..." అని ఆగిపోయింది.

మిగతాది అతనికి అర్థమైంది. చూడనంతవరకు విస్తరి పడుతుంది. అంత అడవిలో ఒక్క చోటు మిగిలి ఉన్నంతవరకు మనిషి అక్కడ ఉండవచ్చు. కాలు విరిగి ఉండవచ్చు, తేనె తాగి బతుకుతూ ఉండవచ్చు. తెలివి ఒప్పుకోకపోయినా ఆశకు తలదాచుకోవడానికి ఆ మాత్రం మరుగు చాలు.

"చూపుపాఠం ఆపేస్తే?" అంది ఆమె.

"గింజలన్నీ మళ్లీ సమదూరానికి సర్దుకోవాలి. వారాలు పడుతుంది. ఆ లోపల అడవంతా గుడ్డితావే."

"నువ్వు కూర్చో కుర్చీలో."

"కొత్త కళ్లను కావలమ్మ నమ్మేదానికి నెలలు కావాలక్కా. వెంటనే నమ్మకూడదని రాసింది మీరే." అతను కిటికీలోంచి కొండల వైపు చూశాడు. "గుంపు అక్కడుంది. అక్కడినించి సారగుంట నడక దూరం. మీరు చూస్తే గింజలు పోతాయి. అంచునే ఉండాయి అన్నీ."

ద్రౌపది లేచి మొహం కడుక్కొని వచ్చింది. చెంగుతో తుడుచుకొని కుర్చీలో కూర్చుంది. తెర మీద తేనెబండ ఉన్న చోట పాత పటంలోని బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది. దాని వైపు తల తిప్పింది. కళ్లు తిరగలేదు. పక్కనున్న వంక మీదికి జారాయి. మళ్లీ తెచ్చింది. కొండ మొన మీదికి ఎగిరాయి. తలుపు దగ్గర మొరాయించే దూడను లాగినట్టు లాగింది. రాలేదు. చెమట పట్టింది.

"గింజలు కదలలేదు" అంది కావలమ్మ.

"తెలుసులేవే" అని కసిరింది ద్రౌపది.

నిస్సార్ స్టూలు లాక్కొని పక్కన కూర్చున్నాడు. ఏం చెయ్యాలో అతనికీ తెలియదు. తోచింది అడిగాడు.

"అక్కా, మీరెప్పుడన్నా పోయినారా ఆ బండకు?"

"పోకేం. పెండ్లయిన కొత్తలో పిల్చుకపోయినాడు."

"ఎట్లుంటాది?"

"చాటంత చాటంత పట్లు ఉంటాయి పైన. కింద చల్లగా ఉంటాది. మాట్లాడొద్దు, ఈగలు నిద్రపోతా ఉండాయి అన్నాడు. పట్టపగలు ఈగలు నిద్రపోతాయా? నన్ను నోరు మూయించేదానికి చెప్పిన మాట. నేను నమ్మి, సాయంత్రం దాకా సైగలు చేస్తా కూసున్నా." ఆమె నవ్వింది. "ఇంటికొచ్చినాక వాళ్లమ్మకు చెప్పి ఒకటే నవ్వు. ఆ బండకు ఎడమ పక్క చీలిక మాదిరి ఒక నెరియ ఉంటాది. దాంట్లోంచి నీళ్లు ఊరతాయి. ఆయన డబ్బా మూతతో పట్టి నాకు ముందు ఇచ్చినాడు. మా అమ్మ పెట్టిన డబ్బా అది. మూత మీద నా పేరు కొట్టిచ్చింది. నీ పేరు మీద నీళ్లు తాగతా ఉండా చూడు అని..."

నిస్సార్ తెర వైపు చూశాడు. ఆమె కళ్లు బూడిదరంగు మచ్చ మీద ఉన్నాయి. ఎడమ పక్క, నెరియ ఉండవలసిన చోట నిలిచి ఉన్నాయి.

"గింజలు కదిలాయి" అంది కావలమ్మ.

ఆమె కళ్లు తిప్పలేదు. చెబుతూనే ఉంది. అతను బీడీ మానేస్తానని చేసిన ఒట్లు, వాన వాసన ముందే పసిగట్టి దండెం మీది బట్టలు తీసేవాడన్నది, నిద్రలో ఏనుగుల్ని అదిలించేవాడన్నది. మధ్యాహ్నం వాలిపోయింది. బూడిదరంగు మచ్చ అంచుల్నుంచి లోపలికి రంగు తేలుతూ వచ్చింది. ముందు ఎండుటాకులు, తరవాత ఒక వేరు, తరవాత బండ నీడ.

నీడలో గుంపు నిలబడి ఉంది. చిన్నవీ పెద్దవీ అన్నీ తలలు లోపలికి పెట్టి నిలబడ్డాయి.

"గుంపు మేయడం లేదు. కారణం నాకు తెలియదు" అంది కావలమ్మ.

నేలబారుగా ఉన్న గింజలకు ఏనుగుల కాళ్ల సందుల్లోంచే కనబడుతోంది. ఒక ఏనుగు తొండంతో పచ్చి కొమ్మ విరిచి తెచ్చింది. ఎదురుగా ఉన్న కుప్ప మీద పెట్టింది. ఎండిపోయిన పాత కొమ్మల మీద కొత్త కొమ్మ. ఏటికేడు కప్పుతూ వచ్చిన కుప్ప. కింద ఎక్కడో తెల్లగా పెద్ద ఎముక, ముసలి ఆడ ఏనుగుది, బయటపడి ఉంది. దాని పక్కనే ఇంకో చిన్న కుప్ప. మనిషి పొడవు. ఏనుగు మరో కొమ్మ తెచ్చి దాని మీద కూడా పెట్టింది.

చిన్న కుప్ప వారగా ఏదో తళుక్కుమంది. ఒక గింజ అటు దొర్లింది. స్టీలు మూత. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు, మట్టి పట్టినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

ద్రౌపది ఏడవలేదు. తన పేరును కాసేపు చదువుకుంది. కుప్పల దగ్గర నుంచి గుంపు ఒక్కొక్కటే సారగుంట దిక్కుకు మళ్లుతుంటే ఫోను అందుకుంది.

"మామా, కోడల్ని ఇప్పుడే పుట్టింటికి తోలు. అందరూ మిద్దెలెక్కండి. తేనెబండ నించి మీ చేల మీదుగానే దిగుతారు సాములు. పొద్దు గూకేలోపల."

"చూసినావా అమ్మణ్ణీ, నిజంగా?"

"చూసినాను."

ఏం చూసిందో పాపన్నకు తెలిసినట్టే ఉంది. "సరే తల్లీ" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం గుంపు సారగుంట మీదుగా దిగి పోయింది. మిరపపొగకు చేల అంచున తిరిగి, కాలిబాట పట్టి, ఎవరినీ తాకకుండా పోయింది. తెర మీద అడవి మొత్తం రంగుల్లో వెలుగుతోంది.

"గుడ్డితావులు లేవు. వీక్షణ వ్యాప్తి సంపూర్ణం" అంది కావలమ్మ.

ఆ మాట వినాలని దేశంలో ఎన్ని కేంద్రాలు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాయో నిస్సార్‌కు తెలుసు. అయినా అతను తెరను కాక ద్రౌపదిని చూశాడు.

"ఇంతడవిలో ఆయన ఉండేదానికి ఇంక చోటు లేదు నిస్సారూ" అంది ద్రౌపది.

కర్మ జరిగింది. మూత తెస్తామని కుర్రాళ్లు బయల్దేరితే ద్రౌపది వద్దంది. పాపన్న భార్య చంకకర్రల మీద వచ్చి, అందరికీ ముందు తన మొగుణ్ని నాలుగు తిట్టి, తరవాత ద్రౌపదిని పట్టుకొని ఏడ్చింది. భోజనాల్లో ద్రౌపది పక్కన విస్తరి వెయ్యలేదు. అలవాటు కొద్దీ ఆమె కాస్త జరిగి కూర్చుంది.

నిస్సార్ మదనపల్లెకు బయల్దేరే రోజు ఆమె అతన్ని ఆపింది.

"బండ కింద నించి గింజల్ని తీసేయించు. బయట దారి మీద చిక్కగా పెట్టు. సాములు వచ్చేదీ పోయేదీ ఊరికి తెలిస్తే చాలు."

"చేతులారా గుడ్డితావు పెట్టుకుంటామా అక్కా? పై ఆఫీసుకు ఏం చెప్పను?"

"సాములు ఏటేటా వస్తా ఉండేది వాళ్ల మనిషి కోసం. చావింటికొచ్చినోళ్ల మొగాల్లోకి ఎవురన్నా తేరిపార చూస్తారా? అదే చెప్పు."

నిస్సార్ ఏం చెప్పాడో గానీ పై ఆఫీసు ఒప్పుకుంది. బండ చుట్టూ ఒక గీత గీశారు. గింజలు ఆ గీత దాటకూడదు.

ఇప్పుడు ద్రౌపది కుర్చీలో కూర్చుంటే కళ్లు నేరుగా అక్కడికే పోతాయి. తొమ్మిదేళ్ల బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్నట్టు, బూడిదరంగు మచ్చ మీద నిలిచిపోతాయి. నేర్చిన పాఠం ప్రకారం గింజలు కదులుతాయి. గీత దాకా వచ్చి, దాటలేక, గడప బయట నిలబడిన చుట్టాల్లా వరసగా ఆగుతాయి.

"మీరు అటే చూస్తున్నారు. గింజల్ని లోపలికి పంపమంటారా?" అని కావలమ్మ రోజూ అడుగుతుంది.

"వద్దు."

"అక్కడ చూడవలసింది లేదా?"

"ఉంది."

యంత్రం ఆగుతుంది. ఉందంటూ వద్దనడం దానికి ఇంకా పట్టుబడని పాఠం.

"నేను చూస్తా ఉండానులే" అంటుంది ద్రౌపది. "నువ్వు ఊరిని చూడుపో."